అడ్మిన్లు మాత్రమే

వస్తుందిలేమ్మా అంటున్నాను, ఎన్నోసారి అంటున్నానో నాకే తెలియదు, శ్రీసత్య కూడా ప్రతిసారీ అలాగేనండి అంటోంది. అలాగేనండి అనడంలో మా గోదావరి వాళ్ళని మించినవాళ్ళు లేరు, పీక మీద కాలేసి తొక్కుతున్నా అలాగేనండి అంటాం. కాలేజీ వరండాలో సిమెంటు బెంచీ ఎండకి కాలిపోతోంది, గోదావరి వైపు నుంచి గాలి లేదు, వంతెన మీద ఏదో రైలు వెళ్తున్న చప్పుడు మాత్రం వస్తోంది, ఆగకుండా వస్తోంది, గూడ్సు అయ్యుంటుంది. పిల్ల ఒళ్ళో హాల్ టికెట్టు, దాని మీద మడిచిన తెల్లకర్ర. పొద్దున్న నిడదవోలులో ప్యాసింజరు ఎక్కి ఒక్కతే వచ్చింది. రెండు గంటలకి పరీక్ష, ఎకనామిక్స్, మిగిలిపోయిన ఒకే ఒక్క పేపరు, కిందటిసారి టైఫాయిడ్ వచ్చి రాయలేదు. ఇది రాసి పాసైతే డిగ్రీ చేతికొస్తుంది, డిగ్రీ వస్తే బి.ఇడి. సీటు నిలబడుతుంది, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏడాది. పాఠమంతా ఆ పిల్ల బుర్రలో ఉంది. తను చెప్తుంటే పక్కన కూర్చుని కాయితం మీద పెట్టే మనిషి కావాలి, అంతే. స్క్రైబ్ అంటారు ఆ మనిషిని. ఆ మనిషి రాలేదు.

నేను రాసేద్దును. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే పిల్లలకి ఎకనామిక్స్ చెప్పినదాన్ని, నా చెయ్యేమీ పడిపోలేదు. లోపల చీఫ్ సూపరింటెండెంట్ నా పాత స్టూడెంటే, నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అంతా విని బుర్ర గోక్కున్నాడు. "మేడమ్, రాసేవాళ్ళు రాయించుకునేవాళ్ళకంటే ఒక మెట్టు తక్కువ చదివుండాలండి. మీరేమో ఎమ్మే, పైగా అదే సబ్జెక్టు. మిమ్మల్ని కూర్చోబెడితే రేపు ఈ అమ్మాయి పేపరే కొట్టేస్తారు. ఇంటర్ పాసైనవాళ్ళు ఎవరైనా సరే తీసుకురండి, మార్కుల లిస్టు, ఆధార్ ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. బెల్లు కొట్టాక కూడా అరగంట చూస్తానండి." అదీ సర్కారీ మనిషి అన్న మాట. ఎవరైనా సరే అన్నాడు. గవర్నమెంటు వంగింది, నేను పెట్టిన గ్రూపు వంగడం లేదు, ఎంత నవ్వొస్తోందో, నవ్వితే ఈ పిల్ల వింటుంది. చదువు ఎక్కువైపోయి పనికిరాకుండా పోయాను నేను, ఆ మాట మా అత్తగారు పెళ్ళైన కొత్తలోనే అన్నారు.

"మేడమ్, గోళ్ళు కొరుక్కుంటున్నారాండి? వినిపిస్తోంది," అంది శ్రీసత్య. చెయ్యి నోట్లోంచి తీసేశాను. తన ఫోను తీసి వేలితో గీసింది, అందులో ఆడగొంతు గబగబా చదివేసింది, అలవాటు లేనివాళ్ళకి సగం అర్థం కాదు. అలాట్‌మెంట్. అభ్యర్థి శ్రీసత్య, నిడదవోలు. స్క్రైబ్ మంజుష, పాలకొల్లు. స్థితి పెండింగ్. జోడించిన చేతులు, జోడించిన చేతులు, నవ్వుతున్న ముఖం. బొమ్మల్ని కూడా ఒక్కటీ వదలకుండా చదువుతుంది ఆ గొంతు, పంపినవాడికేం, వేలు పెట్టి నొక్కేస్తాడు, వినేవాళ్ళకి తెలుస్తుంది. పొద్దుటి నుంచీ అదే పెండింగ్. మంజుష మంచి పిల్లండి, నా మిగతా పేపర్లన్నీ తనే రాసింది, నా మాట వేగం తనకి తెలుసు, అని నాతో ఇందాక చెప్పింది. మరి ఆ అమ్మాయికి ఫోను చెయ్యమ్మా అంటే నంబరు లేదండి అంది. అన్ని పేపర్లు పక్కపక్కన కూర్చుని రాసుకున్న ఇద్దరాడపిల్లలు నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదట, రూల్ కాదటండి, అభ్యర్థీ స్క్రైబూ నేరుగా మాట్లాడుకోకూడదటండి, అంతా లైన్లోనే రావాలటండి. అక్కడ పాలకొల్లులో ఆ మంజుష కూడా పొద్దున్నే తలదువ్వుకుని, చున్నీ పిన్ను పెట్టుకుని, కన్ఫర్మ్ రాకుండా బయల్దేరకూడదు గనక కూర్చునే ఉంటుంది, ఆ పిల్ల తప్పేముంది. ఇప్పుడు బయల్దేరినా ఏం లాభం, పాలకొల్లు నుంచి బస్సు వచ్చేసరికి పేపర్లు కట్టకట్టి తీసుకుపోతారు.

తాతాజీకి ఎవరు కన్ఫర్మ్ చేశారు? తాతాజీ అని నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేవాడు, పుట్టుగుడ్డి, వాడు ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మం పట్టుకుని నాకెవరు రాస్తారండి అని అడిగాడు, ఆ సాయంత్రం నేను ఫోనులో ఒక గ్రూపు పెట్టాను. నేను, పక్కింటి పిల్ల, మా చెల్లెలి కూతురు, లైబ్రేరియన్ గారబ్బాయి, ఇంతే. అక్షరతోడు అని పేరు పెట్టాను, పేరు బాగుందని అందరూ అన్నారు. ఎవరికో పరీక్ష అని ఒక ముక్క పెడితే చాలు, నేను ఖాళీ అండి అని ఒకరనేవారు, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. గుడ్ మార్నింగ్ పువ్వులూ పులిహోర ఫొటోలూ వచ్చేవి, వస్తే వచ్చేవి, ఆ పువ్వుల మధ్యలోంచే మనిషి దొరికేవాడు. అప్పుడొచ్చారు గోపాలకృష్ణమూర్తి గారు. రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి, ఇంట్లో ఆయన సంతకం కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు, కాఫీ చల్లారిపోయినా మళ్ళీ కలిపి ఇచ్చే బంట్రోతు లేడు. మా ఇంట్లోనే కూర్చుని, మా కాఫీయే తాగుతూ, "సీతారామలక్ష్మి గారూ, సేవైనా సరే ఒక పద్ధతిలో ఉండాలండి. ఎవడు పడితే వాడు మాట్లాడితే అది సంత అవుతుంది, సంస్థ అవదు," అన్నారు. ఎంత చక్కగా అన్నారు! సంతలోనే కదండీ మనకి కావలసింది దొరికేది అని ఇప్పుడు తోస్తోంది, ఇప్పుడు తోచి ఏం చేసుకోను, ఆయన నా ఎదురుగా లేరు.

మండల లీడ్, డివిజన్ ఇన్‌ఛార్జి, జిల్లా కోఆర్డినేటర్, చీఫ్ అడ్మిన్. అర్జీ కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి పైకెళ్ళాలి, మంజూరై ఒక్కో మెట్టూ దిగి కిందకి రావాలి, మెట్టు దాటకూడదు. మెళ్ళో వేసుకునే ట్యాగులు, లీడ్‌కి నీలం, కోఆర్డినేటర్‌కి ఎరుపు. ఎరుపు ఇస్తామని నీలం ఇచ్చారని ఒకాయన వాళ్ళావిడతో సహా గ్రూపు వదిలేశాడు. పదవి అంటే ఎంత ఆకలమ్మా మనవాళ్ళకి, జీతం లేకపోయినా, కుర్చీ లేకపోయినా, ఫోనులో పేరు పక్కన ఒక ముక్క ఉంటే చాలు, దాని కోసం కొట్టుకుంటారు. రాయడానికొచ్చే పిల్లలు తగ్గారు, రాయించే పెద్దలు పెరిగారు. తర్వాత ప్రభుత్వం జిల్లాలు విడగొట్టింది, దానికీ మాకూ ఏంటి సంబంధం, పరీక్ష హాలుకి దారి మారిందా? ఆయన మాత్రం వారం తిరక్కుండా గ్రూపుని కూడా విడగొట్టారు. నిడదవోలు పశ్చిమ నుంచి తూర్పుకొచ్చింది. ఊరు జానెడు కూడా కదల్లేదు, స్టేషను అక్కడే ఉంది, శ్రీసత్య వాళ్ళ వీధి కుళాయి అక్కడే ఉంది. కానీ మంజుష పశ్చిమలో ఉండిపోయింది. అందుకని ఈ ఇద్దరు పిల్లల సంగతి అంతర్ జిల్లా వ్యవహారం అయింది, తూర్పు కోఆర్డినేటర్ మణిశంకర్ నా పరిధి కాదండి అంటాడు, పశ్చిమ కోఆర్డినేటర్ ఉషారాణి నాకు పై నుంచి రాలేదండి అంటుంది, చీఫ్ అడ్మిన్ గారి ఆమోదం కావాలి. ఇద్దరూ బొటనవేలు బొమ్మ పెట్టారు, చూశాం అని. చూశారుగా, ఇంకేం కావాలి.

నాకు శాలువా కప్పింది పాలకొల్లులోనే. కల్యాణమండపం, ఫ్లెక్సీలో నా మొహం పెళ్ళికూతురి మొహమంత వేశారు, గౌరవ సలహాదారు అని కింద అక్షరాలు. ఆయన మైకులో వ్యవస్థాపకులు, మాతృమూర్తి అన్నారు, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా, సిగ్గులేకుండా. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అందరికీ థాంక్స్ చెప్పుకుందామని గ్రూపు తెరిస్తే టైపు చేసే చోటు లేదు. అక్కడ ఒక లైను, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు. ఫోను పాడైందనుకున్నాను, పక్కన కూర్చున్న అబ్బాయికిచ్చి చూపించాను, పాడవలేదాంటీ, మిమ్మల్ని అడ్మిన్లలోంచి తీసేశారు అన్నాడు వాడు. శాలువా భుజం మీదే ఉంది. తర్వాత అందరి నంబర్లూ కనపడకుండా చేశారు, భద్రత కోసమట. నేను ఒక్కొక్కరినీ బతిమాలి చేర్చుకున్న పిల్లలు, ఎనిమిది వందల మంది అయ్యారిప్పుడు, అందులో ఇంటర్ పాసైనవాళ్ళు ఈ రాజమండ్రిలోనే ఎంతమంది ఉంటారో, ఒక్క ముక్క, ఒక్కటే ఒక్క ముక్క అందులో పెట్టగలిగితే ఈపాటికి ఈ మెట్ల మీద నలుగురు నిలబడేవారు. ఫోను చేతిలోనే ఉంది. గ్రూపు తెరిచే ఉంది.

ఉషారాణికి ఫోను చేశాను. మోగి మోగి ఎవరో మగమనిషి ఎత్తాడు. "ఆయ్, సెప్పండమ్మా. నేను సత్తియ్యనండి, వంటోణ్ణండి. మేడంగారు కళాసులో ఉన్నారండి." ఏం క్లాసు? జంగారెడ్డిగూడెంలో ఏదో పామాయిల్ తోట గెస్ట్ హౌసులో శిబిరమట, అడ్మిన్లందరికీ నాయకత్వ శిక్షణ, ధ్యాస చెదరకూడదని ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించారట. పెట్టేసి మణిశంకర్‌కి చేశాను. "ఆయ్, సెప్పండమ్మా." అదే గొంతు. "ఇందాక మీరేనాండి? ఇదీ ఈ బుట్టలోదేనండి." గోపాలకృష్ణమూర్తి గారికి చేశాను, మళ్ళీ సత్తియ్యే, ఈసారి అతనే నొచ్చుకున్నాడు, "అమ్మా, మీరు ఎవురికి సేసినా నేనే ఎత్తాలండి, ఏం సెయ్యమంటారు?" అన్నాడు. నాయనా, ఒక గుడ్డిపిల్ల పరీక్ష, లోపలికెళ్ళి పెద్దాయన చెవిన వెయ్యి, ఈ ఊళ్ళోవాళ్ళు ఎవరైనా వచ్చి రాయొచ్చని ఊఁ అంటే చాలు, అన్నాను. వెళ్ళాడు. ఫోనులో పంకా చప్పుడు, దూరంగా మైకు, నాయకుడు అనేవాడు ముందుగా వినేవాడై ఉండాలి అని ఎవరో చెప్తున్నారు, చప్పట్లు. సత్తియ్య వచ్చాడు. "అమ్మా, రాసి పంపమన్నారండి. ఏదో లీడు ద్వారా రావాలంటండి. టీ టైములో సూత్తానన్నారండి." పాపం అతను సారీ కూడా చెప్పాడు, ఆ ఇంట్లో ఆ మాట చెప్పిన ఒకే ఒక్క మనిషి వంటవాడు. నా నోటికి ఏం తిట్టు వచ్చిందో శ్రీసత్య వినేసింది. "మేడమ్ గారూ, మీకు అలాంటివి కూడా వచ్చాండీ," అని నవ్వింది.

ప్రవీణ్ గుర్తొచ్చాడు. వాడి నంబరు నా దగ్గర పాతది ఉంది, ఎవరూ దాచలేదు. దానవాయిపేట, ఇక్కడి నుంచి సైకిలు మీద పది నిమిషాలు, ఇంటర్ పాసైపోయాడు, వాడు పదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది, మొదటిసారి స్క్రైబుగా వెళ్ళొచ్చిన రోజున మా గుమ్మంలో నిలబడి, మేడమ్, వాళ్ళు చెప్తుంటే రాస్తుంటే నాకు వొణుకొచ్చిందండి, ఒక తప్పు రాస్తే వాళ్ళ మార్కు పోతుంది కదండీ, అన్నాడు. ఆ పిల్లాడు. ఎత్తాడు. చెప్పాను. "మేడమ్, రావాలనే ఉందండి. కన్ఫర్మ్ లేకుండా వెళ్తే బ్లాక్ లిస్టులో పెడుతున్నారండి. కిందటి నెల ఒకణ్ణి తీసేశారు. నాకింకా రెండు సేవలైతే గోల్డ్ సర్టిఫికెట్టు వస్తుందండి, కాలేజీ ఇంటర్వ్యూకి అది అడుగుతున్నారు." ఇంకేం అనను, తిట్టనా, నేను పెంచిన మొక్కే కదా. "మీరొక్క మాట సారుతో అనిపించండి మేడమ్, పది నిమిషాల్లో అక్కడుంటాను," అన్నాడు, వాడి గొంతులో నిజంగానే బాధ ఉంది, అదే నాకు ఎక్కువ మండింది. చెడ్డవాడైతే తిట్టి పెట్టేసేదాన్ని. వాడు చెడ్డవాడు కాడు, ఊఁ అనేవాళ్ళు లేకపోతే అడుగు వెయ్యడం మర్చిపోయాడంతే. సరేలే నాన్నా అన్నాను.

బెల్లు కొట్టారు. చెట్ల కింద పుస్తకాలు తిరగేస్తున్న పిల్లలంతా సంచులు గోడవార పడేసి లోపలికి వెళ్ళిపోయారు, వాళ్ళలో ఒక్కరినైనా చెయ్యి పట్టుకుని ఆపుదామనిపించింది, వాళ్ళు వాళ్ళ పరీక్షకి వెళ్తున్నారు, ఎలా ఆపను. గేటు బయటికి వెళ్ళి చూశాను. బస్సు ఆగింది, దిగినవాళ్ళలో ఒక ముసలాయన, అరటిగెల, ఇద్దరు స్కూలు పిల్లలు. జెరాక్స్ కొట్టు జ్ఞానమ్మ గారిని అడిగాను, అమ్మా మీరేం చదివారు అని, ఎనిమిదండి అంది, అని నా మొహం చూసి ఏం తప్పు చేశానో అని బెదిరింది. వరండాలోకి తిరిగొచ్చేసరికి శ్రీసత్య లేచి నిలబడి ఉంది. "ఇంక ఫోన్లు చెయ్యకండి మేడమ్. మీ గొంతు మారిపోయింది. ఒక అట్టముక్క కావాలండి, బెత్తెడు వెడల్పు, పొడుగ్గా." ఎందుకమ్మా అంటే, "నాకు తొమ్మిదో తరగతిలో కదండీ చూపు పోయింది. అప్పటిదాకా రాసినదాన్నే కదా. చేతిరాతకి ప్రైజు కూడా వచ్చిందండి మా స్కూల్లో. అట్టముక్క కాయితం మీద అడ్డంగా పెట్టుకుని దాని అంచున రాస్తాను, లైను అయ్యాక కిందకి జరుపుకుంటాను. ఎన్ని లైన్లు వస్తే అన్ని. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడమని దేవుడికి చెప్పండి," అంది. ఏమ్మా, ఎన్నేళ్ళైంది నువ్వు పెన్ను పట్టుకుని అనబోయాను, అనలేదు. వెళ్ళి జ్ఞానమ్మ గారి కొట్లో కాయితాల అట్టపెట్టె చింపించి తెచ్చాను. సూపరింటెండెంటుకి చూపించాను, అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల దించుకునే, కింద గదిలో కిటికీ పక్కన కూర్చోమనండి మేడమ్ అన్నాడు. ఫోను లోపలికి తీసుకెళ్ళకూడదు గనక నా చేతిలో పెట్టి, కర్ర తట్టుకుంటూ, ఆ అట్టముక్క గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళింది.

నేను ఆ కిటికీ బయట వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. కిటికీ రెక్క సందులోంచి ఆమె చెయ్యి కనిపిస్తోంది. ఎడంచేత్తో అట్ట నొక్కి పట్టింది, కుడిచెయ్యి దాని అంచు మీదే నడుస్తోంది, మెల్లగా, చివరికొచ్చాక ఎడమచేతి వేలు మందాన అట్టని కిందకి జరుపుతోంది. మళ్ళీ. మళ్ళీ. ఏ అక్షరాలు కుదురుతున్నాయో, ఏవి ఒకదానిలోకి ఒకటి దూరుతున్నాయో, దిద్దేవాళ్ళు ఓపిగ్గా చూస్తారో గిరాటేస్తారో, డిమాండు సూత్రం ఎంత బాగా చెప్పింది ఇందాక నాకు, కామా కూడా వదలకుండా. రాయమ్మా. రాయి తల్లీ. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు. ఎంతసేపైందో తెలియదు, వంతెన మీద ఇంకో రైలు కూడా వెళ్ళిపోయింది.

నా సంచిలోంచి ఆడగొంతు అరిచింది. ఆమె ఫోను. టీ టైము అయినట్టుంది అక్కడ. అలాట్‌మెంట్ కన్ఫర్మ్‌డ్, స్క్రైబ్ మంజుష, పాలకొల్లు. దాని వెనకే ఇంకోటి. ఈ రోజు రాజమహేంద్రవరంలో మన అక్షరతోడు తరఫున కుమారి శ్రీసత్యకు స్క్రైబ్ సేవను దిగ్విజయంగా అందించడం జరిగింది, అంతర్ జిల్లా సమన్వయానికి ఇది మైలురాయి, మణిశంకర్ గారికి, ఉషారాణి గారికి, స్క్రైబ్ మంజుష గారికి అభినందనలు, చీఫ్ అడ్మిన్. సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను, కళ్ళజోడు కవరు, మంచినీళ్ళ సీసా, దొరికింది. నొక్కాను. చప్పట్లు కొడుతున్న చేతులు, అంది. ఇంకో అడ్మిన్. చప్పట్లు కొడుతున్న చేతులు, చప్పట్లు కొడుతున్న చేతులు, పూలగుత్తి. ఇంకొకరు. బుట్టలోంచి ఫోన్లన్నీ తీసుకున్నారు కాబోలు వరసగా. ఇది మామూలు ఫోనులా నొక్కితే ఆగదు, ఎలా ఆపాలో ఆ పిల్లకే తెలుసు, నేను ఎక్కడ వేలు పెడితే అక్కడిది చదువుతోంది, చప్పట్లు కొడుతున్న చేతులు, చప్పట్లు కొడుతున్న చేతులు. చెంగులో చుట్టాను, పొట్టకి అదుముకున్నాను, చెంగులోంచీ వస్తోంది. కిటికీ లోపలి నుంచి ఇన్విజిలేటరమ్మ వేలు నోటి మీద పెట్టుకుని, ఏంటండీ ఇది, పిల్లలు రాసుకుంటున్నారు, అంది. శ్రీసత్య తలెత్తింది. తన ఫోను గొంతు తనకి తెలియదా. మొహం ఇటు తిప్పి వింది, మొత్తం వింది. మళ్ళీ కాయితం వైపు తిరిగేసరికి అట్టముక్క చేతికింద నుంచి జారిపోయి ఉంది. బల్ల మీద తడిమి పట్టుకుంది. ఏ లైను దాకా వచ్చిందో అని కాయితం మీద వేళ్ళు పెట్టి వెతుక్కుంటోంది. సిరా వేళ్ళకి తగలదు.